చావింటి గిన్నె

దీపావళి రోజు పొద్దున్న ఎదురు ఫ్లాట్ అమ్మాయి తలుపు కొట్టింది. తలంటుకుని, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉంది. చేతిలో ఐస్‌క్రీం వచ్చే ప్లాస్టిక్ డబ్బా.

"ఈ ఏడు మీకు పండగ లేదు కదా ఆంటీ. మా అత్తగారు ఇచ్చి రమ్మన్నారు. బూరెలు, గారెలు. వేడిగా ఉన్నాయి, మూత కాసేపు తీసి ఉంచండి."

తీసుకున్నాను. ఆమె గడప దాటలేదు, నేను లోపలికి రమ్మనలేదు. తన తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి, "డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదాంటీ. వాడుకోండి, లేకపోతే పారేయండి" అంది.

మా ఆయన పోయి మూడు నెలలు. విజయనగరంలో ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఇద్దరం ఉన్నాం. ఇప్పుడు నేనున్నాను. డబ్బా భోజనాల బల్ల మీద పెట్టి మూత తీశాను. మూత లోపలి వైపు ఆవిరి చుక్కలు కట్టింది. బెల్లం, శనగపప్పు, కాగిన నూనె కలిసిన వాసన వచ్చింది. మూత పెట్టేసి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాను.

ఆ అమ్మాయి మంచిది. వాళ్ళ అత్తగారు ఇంకా మంచిది. ఈ రోజుల్లో ఎదురింటి వాళ్ళకి పండగ లేదని గుర్తుపెట్టుకుని మొదటి వాయి తీసి పంపే మనుషులు ఎందరుంటారు? నాకు తెలుసు. అయినా నేను తినలేకపోయాను. అరవై ఏళ్ళ కిందట అలాంటి బూరెలే ఇద్దరు పిల్లల చేత నేను తినిపించాను. ఆ సంగతి మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మాది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లె. పల్లె ఇప్పటికీ ఉంది. నేను చెప్పే చోటు లేదు. ఒడ్డు తెగి ముందు వరస ఇళ్ళు పోయాయి, తర్వాత రెండో వరస. మాది రెండో వరస. కిందటిసారి వెళ్ళినప్పుడు మా ఇల్లు ఎక్కడుండేదని అడిగితే ఒక కుర్రాడు నీళ్ళ వైపు చూపించాడు.

మా ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలుండేవి. పెరట్లో ఎండే నెత్తళ్ళది ఒకటి, పడవలకి పూసే తారుది ఒకటి, మామ్మ కాల్చే చుట్టది ఒకటి. మామ్మంటే మా నాన్న తల్లి. ఆమెది ఎండుచేపల వ్యాపారం. వారానికోసారి సాలూరు నుంచి లారీ వచ్చి బస్తాలు కొండ సంతలకి పట్టుకుపోయేది. నేను, నా ఈడుదే మా చిన్నమ్మ పెద్ద కూతురు, ఆ బస్తాల చిల్లుల్లోంచి నెత్తళ్ళు లాగి, పడవల చాటున కొబ్బరి పీచు మంటలో కాల్చుకుని తినేవాళ్ళం. సగం మాడి సగం ఇసక. దొరికిపోతే మామ్మ నన్నొక్కదాన్నే కొట్టేది. "దాన్నేటికి కొడతాను, దొంగ మనింట్లోనే ఉన్నాదిగదా" అనేది.

చిన్నమ్మ అంటే మా నాన్నకి వరసకి తమ్ముడైన మా చిన్నాన్న భార్య. వాళ్ళ ఇల్లు మా వీధి చివర. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నా జట్టు. చిన్నదానికి నాలుగేళ్ళుంటాయి. నేను బడికి వెళ్ళేదాన్ని, పెద్దది వెళ్ళేది కాదు. చిన్నాన్న నన్ను చూసినప్పుడల్లా జడ పట్టుకు లాగి, "ఏటే పంతులమ్మా, ఏటి సదివినావు ఇయ్యాల? సముద్రానికి లోతెంతో రాసినాదేటి నీ బుక్కులో?" అనేవాడు. తర్వాత నేను నిజంగానే పంతులమ్మనయ్యాను. అప్పటికి అలా పిలిచేవాడు లేడు.

మా ఊళ్ళో దానం అనే మాట వాడేవారు కాదు. అన్నిటికీ వాటా అనే ఒక్క మాటే. వేటకెళ్ళిన పడవ ఒడ్డుకొస్తే చేపలు కుప్పలు పోసేవారు. పడవకో కుప్ప, వలకో కుప్ప, మనిషికో కుప్ప. అన్నీ అయ్యాక ఎవరూ అడక్కుండానే చివర చిన్న కుప్ప ఒకటి పెట్టేవారు. అది మగదిక్కు పోయిన ఇంటిది. ఆ ఇంటి మనిషి బుట్టతో వచ్చి ఎత్తుకుపోయేది. ఆ సమయంలో మగవాళ్ళు వలలు దులుపుకుంటూ అటు తిరిగేవారు. ఆమె వైపు చూడకపోవడం మర్యాద.

పండక్కీ అదే పద్ధతి. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కదు. పిండివంటలు ఉండవు. కానీ ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు. వీధంతా వాసన వస్తుంటే వాళ్ళు ఊరుకోరు. అందుకని పక్కవాళ్ళు తమ మొదటి వాయి తీసి ఒక గిన్నెలో పెట్టి ఆ ఇంటికి ఇచ్చేవారు. ఇచ్చేటప్పుడు తీసుకోమని అనకూడదు. గడప బయట పెట్టి, కాసేపు నిలబడి, వచ్చేయాలి. మామూలుగా మా వైపు పక్కింటి గిన్నె ఎవరూ ఖాళీగా పంపరు. కాస్త చింతపండో, రెండు ఉల్లిపాయలో, ఏమీ లేకపోతే ఇంత ఉప్పో వేసి పంపుతారు. చావింటి గిన్నె మాత్రం కడిగి, ఖాళీగా వస్తుంది. అందులో ఏదైనా వేసి పంపితే ఆ చావుని కూడా పంపినట్టే అని పెద్దవాళ్ళు అనేవారు. ఖాళీ గిన్నె వచ్చిందంటే ఆ ఇంటివాళ్ళు వాటా తిన్నారని, పోయినవాడు పోయాడని ఒప్పుకున్నారని.

మా వీధిలో ఈ గిన్నెలు పట్టుకెళ్ళే పని మామ్మది.

ఆ ఏడు దసరాకి మూడు రోజుల ముందు గాలి పట్టింది. నలుగురు ఒకే పడవ మీద ఉన్నారు. పడవ ముక్కలు మా ఒడ్డుకే వచ్చాయి. ఇద్దరు మర్నాడు దొరికారు. మూడోవాడు నాలుగు రోజులకి దక్షిణంగా రెండు ఊళ్ళ అవతల దొరికాడు. నాలుగోవాడు మా చిన్నాన్న. ఆయన దొరకలేదు.

మూడిళ్ళలో కర్మలయ్యాయి. నాలుగో ఇంట్లో చిన్నమ్మ రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు వేసేది. బొట్టు పెట్టుకునేది. నిండా గాజులతో నీళ్ళకి వచ్చేది. నూతి దగ్గర ఆడవాళ్ళు ఆమె రాగానే మాట మార్చేవారు.

ఆమె ఊరికే ఎదురుచూడలేదు. ఆమెకొక ఆధారం ఉంది. చాలా ఏళ్ళ కిందట పక్క పల్లె మనిషి ఒకడు గాలికి కొట్టుకుపోయి ఒడిశా ఒడ్డున పడ్డాడు. అక్కడివాళ్ళు గంజి పోసి బతికించారు. భాష రాదు, ఊరి పేరు చెప్పినా వాళ్ళకి అర్థం కాదు. నలభయ్యో రోజున ఇంటికొచ్చాడు. అప్పటికి కర్మ అయిపోయింది, పెళ్ళాం చేతులు బోసిగా ఉన్నాయి. వాడు గడప బయటే కూర్చుని, "నా వాటా కూడా తినేసినారేటే?" అన్నాడట. ఈ కథ మా ఊళ్ళో నవ్వుకోడానికి చెప్పుకునేవారు. చిన్నమ్మ నవ్వుకోడానికి చెప్పుకోలేదు.

కానీ ఎదురుచూసే ఇంటికి వాటా లేదు. పద్ధతి అది. చివరి కుప్ప చావింటిది. చిన్నమ్మ ఇల్లు చావిల్లు కాదని చిన్నమ్మే అంటోంది. ఎవరూ ఆమెకి అన్యాయం చెయ్యాలనుకోలేదు. కుప్పలు మూడు పెట్టేవారు. మూడే ఇళ్ళు. చిన్నమ్మ వలలు అల్లడానికి వెళ్ళేది, ఉప్పు మోయడానికి వెళ్ళేది. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పిల్లలు చోడంబలి, అంటే రాగి జావ, తాగుతుండేవారు. రోజురోజుకీ అంబలి పలచబడింది. చిన్నది గిన్నె అడుగు వేలితో తుడిచి, ఆ వేలు చాలాసేపు నోట్లోనే ఉంచుకునేది.

దీపావళి రోజు మామ్మ చీకటుండగానే లేచి మూకుడు పెట్టింది. మొదటి వాయి తీసి నాలుగు సత్తు గిన్నెల్లో సర్దింది. గిన్నెకి ఆరు బూరెలు, నాలుగు గారెలు. నేను గిన్నెలు లెక్కపెట్టి, "మామ్మా, మూడిళ్ళేగదా" అన్నాను.

"నోర్ముయ్యి. బుట్ట పట్టుకో."

మూడిళ్ళలోనూ గిన్నె గడప బయట పెట్టాం, నిలబడ్డాం, వచ్చేశాం. ఒక ఇంట్లో ముసలమ్మ మమ్మల్ని చూసి ఏడుపు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "గారెలు మెత్తగా ఉన్నాయేటే? నాకు పళ్ళు లేవు" అని అడిగింది. "ఉన్నాయప్పా" అంది మామ్మ. ఆమె మళ్ళీ ఏడుపు అందుకుంది.

వీధి చివర చిన్నమ్మ గడప మీదే కూర్చుని ఉంది. వాకిట్లో పేడ అలికి పెద్ద ముగ్గు. లోపల పొయ్యి మీద మూకుడు పెట్టి ఉంది. పొయ్యిలో మంట లేదు, మూకుట్లో నూనె లేదు. పక్కన రుబ్బిన పప్పు.

"ఏటత్తా అది?" అంది చిన్నమ్మ.

మామ్మ మాట్లాడకుండా గిన్నె కింద పెట్టబోయింది.

"పెట్టకు. ఆ మూడిళ్ళూ ఎగువనున్నాయి. దారి తప్పినావేటి?"

"దారి తప్పలేదమ్మా. గుంటలకి తెచ్చినాను" అంది మామ్మ, లోపలున్న పిల్లల వైపు చూస్తూ.

"గుంటలకైతే పల్లెంలో తే. కొంగులో తే. సేత్తో తే. ఆ గిన్నెతో ఏటికి తెచ్చినావు? మా ఇంట్లో ఎవులు పోనారని?"

మామ్మ గిన్నె చేతిలోనే ఉంచుకుంది. "ఇరవై మూడు రోజులైనాదే కోడలా."

"నలభై కాలేదు."

"నలభై అయితే అరవై అంటావు. నాను అనలేదేటి?"

చిన్నమ్మ లేచి గొంతు తగ్గించింది. "అత్తా, నూనుంటే ఇయ్యి. గిద్దెడు సాలు. పప్పు రుబ్బీసినాను, బెల్లమున్నాది. మూకుడు నానే ఎక్కిస్తాను. ఆడొచ్చి పండగ సెయ్యలేదేటని అడిగితే ఏటి సెప్పను?"

"నూనియ్యను."

"ఏటికియ్యవు?"

"ఇస్తే నాను కూడా అబద్దమాడినట్టే."

చిన్నమ్మ కాళ్ళ వెనక నుంచి చిన్నది తల పెట్టి చూసింది. "అమ్మా, బూరె."

"నాన్నొచ్చినాక తిందువు" అంది చిన్నమ్మ. తలుపు వేసింది.

ఇంటికి రాగానే జరిగింది విని మా అమ్మ అందుకుంది. "గిద్దెడు నూనికేటత్తా? నానే ఇచ్చొత్తాను. ఆ గుంటల మొకాలు సూడలేకపోతన్నాను."

"ఇయ్యి" అంది మామ్మ. "ఇయ్యాల నూనిస్తావు. రేపేటిస్తావు? ఎల్లుండి? ఊరు ఊరంతా దానికి వాటా ఇచ్చేదాకా నువ్వొక్కదానివి పెడతావేటి? నీ పిల్ల తినే అంబలెంత?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామ్మ అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించింది. ఆ రోజే మొదటిసారి విన్నాను. మా తాత కూడా సముద్రంలోనే పోయాడని తెలుసు. దొరకలేదని తెలీదు. మామ్మ రెండు వానాకాలాలు బొట్టు తీయలేదు. గిన్నెలు తెచ్చినవాళ్ళని తిట్టి పంపింది. ఒడ్డున కుప్ప దగ్గరికి వెళ్ళలేదు. మా నాన్న కాక ఆమెకి ఒక కూతురుండేది. రెండో వానాకాలంలో పోయింది.

"జొరం అన్నారు" అంది మామ్మ. "జొరం కాదు. నాకు తెలీదేటి?"

చిన్నమ్మ తీసుకోని గిన్నె మామ్మ పక్కనే అరుగు మీద ఉంది. వాటాగా బయటికి వెళ్ళిన తిండి మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. "పొద్దు గూకినాక సముద్రంలో కలిపేత్తాను. ముట్టుకోకే" అని నాతో చెప్పి, మామ్మ నూతికి వెళ్ళింది. అమ్మ వంటింట్లో ఉంది.

ఇది నేను చాలా ఏళ్ళ తర్వాత ఆలోచించాను. సముద్రం మా ఇంటికి వంద అడుగుల దూరం. కలపాలంటే అప్పుడే కలపొచ్చు. నేనూ పిల్లులూ తిరిగే ఇంట్లో మామ్మ తినే వస్తువేదీ చేతికందే చోట పెట్టేది కాదు, ఎండుచేప కూడా ఉట్టి మీదే. పంచలో కూడా ఒక ఉట్టి ఉండేది. ఆ రోజు అది ఖాళీగానే ఉంది.

గోగుకర్రలకి పాత పంచె గుడ్డతో వత్తులు కడుతూ పిల్లలు వీధిలో ఉన్నారు. సాయంత్రం వాటిని నూనెలో ముంచి వెలిగించి, నేలకి కొట్టి, తర్వాత కాళ్ళు కడుక్కుని తీపి తినాలి. దివిటీలంటాం. ఆ వెలుగు పోయినవాళ్ళకి దారి చూపడానికని పెద్దవాళ్ళు చెప్పేవారు. మాకు అదేం పట్టేది కాదు. ఎవరి కర్ర ఎక్కువసేపు మండితే వాళ్ళు గొప్ప. చిన్నమ్మ పెద్ద కూతురు కూడా గోగుకర్ర తెచ్చుకుంది. దానికి కట్టిన గుడ్డ వాళ్ళ నాన్న లుంగీ ముక్క కాదు. చిన్నమ్మ ఆయన బట్టలేవీ చింపనివ్వలేదు. ఎక్కడో దొరికిన గోనె పీలిక కట్టింది.

"నూనె మీ ఇంట్లో ముంచుకుంటానే" అంది నాతో. తర్వాత, "ఎన్ని తిన్నావు?" అని అడిగింది.

"అయిదు."

చిన్నది అక్క గౌను పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది.

నేను ఇంటికెళ్ళి గిన్నె పావడాలో దాచి తెచ్చాను. పడవల చాటుకి, మేం నెత్తళ్ళు కాల్చుకునే చోటికి తీసుకెళ్ళాను. గిన్నె పావడాలోంచి తీయగానే చిన్నది రెండు చేతులతోనూ అందుకోబోయింది. పెద్దది దాని చెయ్యి పట్టుకు ఆపింది.

"ఏ గిన్నెలోవే ఇవి? మామ్మ తెచ్చినవేటి?"

"కాదు. మా ఇంటివి."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు చెయ్యి వదిలింది. చిన్నది బూరె కొరికి, లోపలి పూర్ణం రాలి మోచేతికి అంటుకుంటే అది కూడా నాకింది. పెద్దది మెల్లగా తింది. ఒక గారె సగం కొరికి, మిగతా సగం గౌను అంచులో ముడేసుకుంది. "అమ్మకి" అంది. మళ్ళీ ఆలోచించి ముడి విప్పి ఆ సగం కూడా తినేసింది. ఇంటికి తీసుకెళ్తే ఎక్కడిదని అడుగుతుందని దానికి తెలుసు.

నాకు చాలా సంతోషంగా ఉంది. అది దాచను. పెద్దవాళ్ళకి చేతకాని పని నేను చేశాననుకున్నాను.

దొరికిపోతానన్న భయంతో గిన్నె సముద్రపు నీళ్ళతో తోమాను. ఇసకతో రుద్ది, నూనె జిడ్డు పోయేదాకా కడిగి, తెచ్చి అరుగు మీద పెట్టాను. కడిగి, ఖాళీగా. నేనేం చేశానో నాకు అప్పుడు తెలీలేదు.

మామ్మ నూతి నుంచి వచ్చి ఆ గిన్నె చూసింది. నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. నన్ను కొట్టలేదు.

పొద్దు వాలుతుండగా చిన్నమ్మ వచ్చింది. చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. పెద్దది వెనక వస్తోంది. వీధిలో అప్పటికే దివిటీలు వెలిగించారు. చిన్నదాని మూతికి బెల్లం ఎండిపోయి ఉంది.

చిన్నమ్మ మా అరుగు ముందు ఆగింది. ముందు గిన్నె చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఒలే, ఇలా రా. నా గుంటలు తిన్నవి మీ పల్లెంలోవా, ఆ గిన్నెలోవా?"

మా అమ్మ లోపలి నుంచి గబగబా వచ్చింది. "మా పల్లెంలోవేనే. నానే ఇచ్చి పంపినాను. ఆ గిన్నెలోవి అత్త సముద్రంలో కలిపేసినాది."

అమ్మ అబద్ధమాడడం నేను అంతకు ముందు వినలేదు.

"నిన్నడగలేదప్పా" అంది చిన్నమ్మ. "గుంటనడిగినాను. అది సదువుకున్న గుంట. అబద్దమాడదు. సెప్పే."

మామ్మ నా వెనక ఉంది. ఆమె చుట్ట వాసన నాకు తెలుస్తోంది. అమ్మ నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది, కాదని చెప్పమని. నేను చూశాను. అర్థమైంది కూడా. కానీ నిజం చెబితే కొట్టరని బడిలో చెప్పారు. కొడతారన్న భయమే నాకు ఎక్కువగా ఉంది.

"గిన్నెలోవే" అన్నాను.

"గిన్నె నువ్వే కడిగినావేటి?"

"కడిగినాను."

చిన్నమ్మ అరుగు మీద కూర్చుంది. చాలాసేపు గిన్నె వైపే చూసింది. అరవలేదు. "నానొగ్గలేదత్తా" అంది మామ్మతో. "ఆడ్ని నానొదల్లేదు. నా గుంటలొగ్గేసినారు."

ఆకలేసి తిన్నారని ఎవరైనా చెప్పొచ్చు. పిల్లలకేం తెలుసని చెప్పొచ్చు. మా అమ్మ చెప్పబోయింది కూడా. చిన్నమ్మ అప్పటికే మామ్మ వైపు గాజులున్న రెండు చేతులూ చాపింది. మామ్మ ఆ చేతులు పట్టుకుని లేపి లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది.

వీధిలో పిల్లలు దివిటీలు నేలకి కొడుతున్నారు. నిప్పురవ్వలు లేస్తున్నాయి. ఆ చప్పుడులో లోపలి నుంచి ఏమీ వినిపించలేదు. చిన్నమ్మ పెద్ద కూతురు గోనెపీలిక కట్టిన గోగుకర్ర పట్టుకుని నిలబడింది. దానికి నూనె ముంచలేదు. "మీ ఇంటివన్నావు" అంది. అంతే.

తర్వాత వారం ఒడ్డున నాలుగు చిన్న కుప్పలు పెట్టారు. నాలుగో కుప్పకి బుట్ట పట్టుకుని చిన్నమ్మ పెద్ద కూతురే వచ్చింది. మగవాళ్ళు అటు తిరిగారు. నేను చిన్నపిల్లని, మర్యాద తెలీదు, చూశాను. అది నన్ను చూడలేదు. ఆ తర్వాత నాతో నెత్తళ్ళు కాల్చుకోడానికి రాలేదు. ఆ ఇంట్లో అంబలి చిక్కబడింది. చిన్నదానికి ఆ చలికాలం ఏ జ్వరమూ రాలేదు. మామ్మ అది చూసింది. ఒకసారి మా అమ్మతో, "బతికినాదా లేదా?" అంది.

శరీరం లేదు కాబట్టి పిండితో బొమ్మ చేసి శ్రీకూర్మంలో కర్మ చేశారు. చిన్నాన్న రాలేదు. నలభయ్యో రోజున రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఎలాగూ రాడు. అది నాకు తెలుసు. కానీ ఆమెకి ఇంకా పదిహేడు రోజులుండేవి. ఆ పదిహేడు రోజులు పోయేలా చేసింది నేనే. పిల్లలు బతికారని ఒకవైపు పెట్టుకుని చూస్తే మామ్మదే ఒప్పు అనిపిస్తుంది. ఎన్నోసార్లు అలా చూసుకున్నాను. ఎన్నిసార్లు చూసినా అరుగు మీద కూర్చున్న చిన్నమ్మ నా కళ్ళ ముందు నుంచి లేవలేదు.

రెండేళ్ళకి చిన్నమ్మ పిల్లల్ని తీసుకుని విశాఖ హార్బరు వైపు రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళిపోయింది. మళ్ళీ వాళ్ళ సంగతి తెలీలేదు. మామ్మ నేను కాలేజీలో ఉండగా పోయింది. ఆఖరి రోజుల్లో పక్కన కూర్చున్నాను. ఆ రోజు గిన్నె ఉట్టి మీద ఎందుకు పెట్టలేదని అడగాలనుకున్నాను. అవునంటే ఏం చెయ్యాలో, కాదంటే ఏం చెయ్యాలో తెలీక అడగలేదు.

ఇప్పుడు నాకు చిన్నమ్మకున్నలాంటి సందేహం ఏమీ లేదు. మా ఆయన నా కళ్ళ ముందే పోయారు. నాడి ఆగాక కూడా ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. శ్రీకూర్మంలో కర్మ చేయించాను, పేరూ గోత్రమూ అడిగితే నేనే చెప్పాను. సందేహం లేదు. అయినా సాయంత్రం ఆరింటికి కింద స్కూటరు ఆగిన చప్పుడైతే పొయ్యి మీద టీ నీళ్ళు పెడుతున్నాను. రెండు కప్పులకి. రోజూ కాదు.

పండగ వెళ్ళిన మూడో రోజు ఆ అమ్మాయి మెట్ల దగ్గర కనిపించింది. చేతిలో కూరల సంచీ.

"బూరెలు తిన్నారా ఆంటీ? బాగున్నాయా? పూర్ణంలో ఏలకులు ఎక్కువయ్యాయని మా అత్తగారు ఒకటే గోల."

డబ్బా ఫ్రిజ్‌లో అలాగే ఉంది. ఒక్కటి కూడా తీయలేదు.

"తిన్నానమ్మా" అన్నాను. "బాగున్నాయి."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. ఒక్క మాట. ఎదుటి మనిషి నమ్మి, సంతోషపడి, తన తలుపు వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు మా అమ్మ నా కోసం సిద్ధంగా పెట్టిన అబద్ధం కూడా ఇంతే ఉంటుంది.

డబ్బా కడిగి ఇస్తానని ఆమె వెనక నుంచి చెప్పాను. "వద్దాంటీ, పారేయండి" అంది మళ్ళీ. లోపలికి వచ్చాను. ఇది రాస్తున్న వేళకి డబ్బా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. కడగలేదు.